అరిచేవారిదే కష్టమా?

2025 అక్టోబరులో దేశంలో చిల్లర ధరల పెరుగుదల రేటు 0.25 శాతానికి దిగింది. 2012ను ఆధారంగా తీసుకుని సూచీ కట్టడం మొదలుపెట్టాక ఇంత తక్కువ ఎన్నడూ లేదు. ఆహార పదార్థాలు ఏడాది కిందటి కంటే దాదాపు 5 శాతం చవకయ్యాయి. అయినా శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ బజారులో గానీ, టెక్కలి బస్టాండులో గానీ మాట మారలేదు. చేతిలో డబ్బాడటం లేదు, రోజులు బాగోలేవు అన్నదే పాట. ప్రతి బడ్జెట్టుకూ, ప్రతి ఎన్నికకూ ఈ ప్రశ్న తిరిగి లేస్తుంది: జనం నిజంగా ఇబ్బందుల్లో ఉన్నారా, గొణగడం అలవాటైపోయిందా? అధికారంలో ఉన్నవారు రోడ్డు మీద బైకుల్ని, పెళ్ళి విందుల్ని, బంగారం కొట్టుల రద్దీని చూపిస్తారు. ప్రతిపక్షం వారు అప్పుల్ని, వలసల్ని చూపిస్తారు. కుర్చీలు మారిన మర్నాడే వాదాలు కూడా చేతులు మారతాయి.

ఈ వాదులాటలో ఇరుపక్షాలదీ ఒకటే పొరపాటు. జనం చెప్పుకొనే అసంతృప్తినీ, జనం పడే ఆర్థిక కష్టాన్నీ ఒకే కొలతతో కొలవబోతున్నారు. ఈ రెండూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని నడవవు. కష్టం తగ్గుతున్నా ఫిర్యాదు పెరగవచ్చు. కష్టం పీకల దాకా వచ్చినా నోరు పెగలకపోవచ్చు. పలాస, టెక్కలి, ఉద్దానం తీరం ఈ తేడాను చూపించినంత స్పష్టంగా రాష్ట్రంలో మరో ప్రాంతం చూపించదు. ఇక్కడ బిగ్గరగా మాట్లాడే వర్గాలున్నాయి, తరాలుగా నోరెత్తని వర్గాలూ ఉన్నాయి. ప్రభుత్వ సాయం మాత్రం ఎక్కువగా మొదటివారి మాట విని, రెండోవారి దగ్గరకు ఆలస్యంగా చేరుతోంది.

ముందుగా ఫిర్యాదు సంగతి. ఈ విషయంలో అమెరికా అనుభవం అందరికంటే ఎక్కువగా చర్చకు వచ్చింది. 2022 జూన్‌లో మిషిగన్ విశ్వవిద్యాలయం కట్టే వినియోగదారుల మనోభావ సూచీ 50కి పడింది. అప్పటిదాకా దశాబ్దాల ఆ సూచీ చరిత్రలో అదే అట్టడుగు. అప్పుడు అక్కడి నిరుద్యోగం 3.6 శాతమే. అదే ఏడాది ఫెడరల్ రిజర్వ్ జరిపిన సర్వేలో 73 శాతం మంది తమ సొంత పరిస్థితి ఫరవాలేదన్నారు. దేశ ఆర్థిక స్థితి బాగుందన్నవారు మాత్రం 18 శాతమే. అంటే నా ఇల్లు బాగానే ఉంది, దేశమే మునిగిపోతోంది అన్న భావన. దీనికి తోడు పార్టీల రంగు. అధ్యక్షుడు మారగానే ఒక పార్టీ అభిమానుల ధైర్యం పెరగడం, రెండో పార్టీవారిది కుంగడం అక్కడి సర్వేల్లో పదేపదే కనిపించింది. అధ్యక్షుడు మారిన నెలలో వారి ఆదాయాలు మాత్రం ఏమీ మారలేదు.

అలాగని అమెరికన్లు ఉత్తినే గొణిగారనడం తప్పు. ఆ జూన్‌లో ధరలు ఏడాది కిందటి కంటే 9.1 శాతం ఎక్కువ. ఆర్థికవేత్త రాబర్ట్ షిల్లర్ 1997లో అమెరికా, జర్మనీ, బ్రెజిల్ ప్రజల అభిప్రాయాలు సేకరించి ధరల పెరుగుదల అంటే జనానికి ఎందుకింత కోపమో పరిశీలించారు. జీతం పెరిగితే అది తన కష్టార్జితం అనుకోవడం, ధర పెరిగితే ఎవరో తన జేబు కొట్టారనుకోవడం మనిషి తీరు. మన దగ్గరా అంతే. కూలి 50 రూపాయలు పెరిగిన సంగతి ఎవరూ పేపరుకు చెప్పరు. నూనె ప్యాకెట్టు మీద 20 రూపాయలు పెరిగితే ఊరంతా చెబుతుంది. పైగా పెరుగుదల రేటు సున్నాకు దిగినంత మాత్రాన ధరలు పాత చోటికి రావు. మూడేళ్ళ కిందట పెరిగి అక్కడే నిలిచిపోయిన ధరను సూచీ మరిచిపోతుంది, ఇంటి ఇల్లాలు మరిచిపోదు.

మన దేశంలో ఈ మనోభావాన్ని రిజర్వ్ బ్యాంకు కొలుస్తోంది. ఆర్థిక పరిస్థితి, ఉపాధి, ధరలు, ఆదాయం, ఖర్చు ఏడాది కిందటితో పోలిస్తే మెరుగా, అధ్వానమా అని నగరవాసుల్ని అడుగుతుంది. 100 దాటితే మెరుగన్నవారు ఎక్కువని అర్థం. 2021 మేలో ప్రస్తుత పరిస్థితి సూచీ 48.5కు పడిపోయింది. ఆ తరవాత కోలుకున్నా ఏళ్ళ తరబడి 100 గీత కిందే ఉండిపోయింది. వచ్చే ఏడాది ఎలా ఉంటుందని అడిగితే మాత్రం అదే జనం ధీమాగా జవాబిస్తారు. ఈ సర్వే 19 నగరాల్లో జరుగుతుంది. హైదరాబాద్, చెన్నై, భువనేశ్వర్ ఉన్నాయి. విశాఖపట్నం లేదు, విజయవాడ లేదు. పల్లెలకు వేరే సర్వే ఆలస్యంగా మొదలైంది, అది కూడా అభిప్రాయాలనే అడుగుతుంది. పత్రికల్లో పతాక శీర్షికలకెక్కే ‘ప్రజల ఆర్థిక విశ్వాసం’లో పలాస మాటకు చోటే లేదన్నమాట.

అడగకపోవడం ఒక ఎత్తు. అడిగినా చెప్పకపోవడం మరో ఎత్తు. అమర్త్యసేన్ ఈ విషయానికి రెండు ఉదాహరణలు ముందుకు తెచ్చారు. బెంగాల్ కరువు వచ్చిన మరుసటి ఏడాది, 1944లో, కలకత్తా దగ్గర సింగూరులో ఆరోగ్య సర్వే జరిగింది. భార్యను పోగొట్టుకున్న మగవారిలో 48.5 శాతం మంది జబ్బుగానో, అంతంతమాత్రంగానో ఉన్నామన్నారు. భర్తను పోగొట్టుకున్న ఆడవారిలో ఆ మాట అన్నవారు 2.5 శాతమే. కరువులో, అందులోనూ ఆ సమాజంలో, వితంతువులు మగవారి కంటే ఆరోగ్యంగా ఉన్నారని ఎవరైనా నమ్ముతారా? రెండోది కేరళ. దేశంలో ఆయుర్దాయం అందరికంటే ఎక్కువగా ఉన్న ఆ రాష్ట్రంలోనే జబ్బు చేసిందని చెప్పుకొనేవారూ అందరికంటే ఎక్కువ. బిహార్‌లో చాలా తక్కువ. చదువు, ఆసుపత్రి, హక్కుల మీద అవగాహన ఉన్నచోట ఫిర్యాదు పెరుగుతుంది. అవి లేనిచోట బాధే సహజమైపోతుంది.

ఆకలి విషయంలోనూ ఇదే జరిగింది. 2004-05 జాతీయ నమూనా సర్వేలో, ఏడాది పొడుగునా రెండు పూటలా తిండి దొరకడం లేదన్న గ్రామీణ కుటుంబాలు నూటికి మూడు కూడా లేవు. ఆ మరుసటి ఏడాది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పిల్లల్ని కొలిస్తే అయిదేళ్ళలోపువారిలో 48 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. మన రాష్ట్రంలో 2019-21 నాటికి కూడా 15 నుంచి 49 ఏళ్ళ ఆడవారిలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. వారిలో ఎందరు దీన్ని కష్టమని చెబుతారు? నీరసంగా ఉందంటారు, మళ్ళీ పనిలోకి వెళ్తారు.

జీడి బజారులో ఎవరి గొంతు?

పలాస-కాశీబుగ్గ జంట పట్టణాన్ని నిలబెట్టింది జీడి. ఇక్కడ ప్రధానంగా మూడు వర్గాలున్నాయి: పిక్కలు పండించే ఉద్దానం రైతు, వాటిని పప్పుగా మార్చే పరిశ్రమ యజమాని, బట్టీలో పనిచేసే కార్మికురాలు. మొదటి ఇద్దరి ఫిర్యాదులూ గట్టిగానే వినిపిస్తాయి. వింత ఏమిటంటే అవి ఒకదానికొకటి ఎదురు. 80 కిలోల బస్తాకు 16 వేల రూపాయలు దక్కాలని రైతులు ఆందోళనలు చేశారు. పిక్క ధర పెరిగితే గిట్టుబాటు కాదని యజమానులంటారు. దేశంలో పండే పిక్కలు పరిశ్రమకు చాలక ఐవరీ కోస్ట్, బెనిన్, ఘనా, టాంజానియాల నుంచి తెప్పించుకుంటున్నాం. ఆ దిగుమతిపై కేంద్రం 2016లో 5 శాతం సుంకం వేసి, 2018 బడ్జెట్టులో 2.5 శాతానికి తగ్గించింది. పూర్తిగా ఎత్తేయాలన్నది యజమానుల కోరిక. తగ్గించడమే తమ కొంప ముంచిందన్నది రైతుల వాదన. ఇద్దరూ చెబుతున్నది కష్టమే. కానీ ఢిల్లీలో దాని అర్థం సుంకం రేటు గురించిన బేరం. ఆ బేరంలో ఎవరికి సంఘం ఉందో, ఎవరికి మంత్రిని కలిసే దారి ఉందో వారి కష్టం పెద్దదిగా కనిపిస్తుంది.

యజమానుల బాధ నటన కాదు. 2000ల దశకం మధ్యలో వియత్నాం యంత్రాలతో దూసుకొచ్చి జీడిపప్పు ఎగుమతిలో మనల్ని దాటేసింది. కేరళలో కొల్లం కార్ఖానాలు ఎన్నో మూతపడ్డాయి. పలాస తట్టుకోగలిగింది, ఎందుకంటే ఇక్కడి పప్పు ఎక్కువగా దేశీయ మార్కెట్టునే నమ్ముకుంది. స్వీటు దుకాణాలు, పెళ్ళిళ్ళు, దసరా-దీపావళి గిరాకీ దీన్ని కాపాడాయి. రైతు విషయంలో మాత్రం గోవా మనకంటే ముందుంది. అక్కడి ప్రభుత్వం జీడి గింజకు హామీ ధర ప్రకటించి, బజారు ధర అంతకంటే తగ్గితే తేడాను రైతు ఖాతాలో వేస్తుంది. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో జీడి లేదు కాబట్టి ఇలాంటి ఏర్పాటు రాష్ట్రమే చేసుకోవాలి. ఇది ఫిర్యాదుకూ కష్టానికీ మధ్య తేడా తేల్చే పద్ధతి కూడా. ధర నిజంగా పడితేనే డబ్బు కదులుతుంది, ఆందోళన జరిగినందుకు కాదు.

ఇక మూడో వర్గం. పిక్క కొట్టేదీ, పొట్టు తీసేదీ, గుండు, బద్ద, ముక్క వేరుచేసేదీ ఎక్కువగా ఆడవారే. కూలి చాలావరకు కిలోల లెక్కన. జీడి రసం తగిలి చేతులు నల్లబడతాయి, తోలు ఊడుతుంది. పప్పు ధర పడి నిల్వలు పేరుకుంటే యజమానులు కూడబలుక్కుని కొన్నాళ్ళు పరిశ్రమలు ఆపేస్తారు. పత్రికల్లో అది ‘జీడి పరిశ్రమకు సంక్షోభం’ అన్న వార్త. ఆ రోజులకు కూలి పోయిన కార్మికురాలు ఆ వార్తలో చివరి వాక్యం. పరిశ్రమ ఆగిన రోజుల్లో యజమానికి తగ్గేది లాభం, ఆమెకు తగ్గేది వంట. సుంకం, జీఎస్టీ, బ్యాంకు వడ్డీ గురించి విజ్ఞాపన పత్రాలు ఢిల్లీ దాకా వెళ్ళినంత తరచుగా ఈ మూసివేత రోజుల కూలి గురించి ఏ పత్రమూ వెళ్ళదు. టెక్కలి నీలి గ్రానైటు విషయమూ ఇంతే. రాయల్టీ భారం గురించి క్వారీ యజమానుల మాట అందరికీ తెలుసు. దుమ్ము పీల్చే కూలీ సంగతి ఎవరి ఎజెండాలోనూ ఉండదు.

క్రియాటినిన్ 5 దాటేదాకా

ఉద్దానంలోని ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాల్ని తినేస్తోంది. కారణం ఈనాటికీ తేలలేదు. వేర్వేరు అధ్యయనాల్లో ఇక్కడి పెద్దవారిలో అయిదారుగురికి ఒకరిలో ఈ జబ్బు కనిపించింది. ఇక్కడ ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. సోంపేట, కవిటి, పలాస, హరిపురంలో డయాలిసిస్ కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం, హిరమండలం నుంచి దాదాపు 700 కోట్ల ఖర్చుతో తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. డయాలిసిస్ రోగులకు నెలకు 10 వేల రూపాయల పింఛను అందుతోంది. పార్టీలు మారినా ఆ సాయం నిలిచింది.

ఈ 10 వేలు ఎంత? ఒక లెక్క వేద్దాం. డయాలిసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు. రోగి వెంట ఒక మనిషి వెళ్ళాలి. అంటే వారానికి ఆరు పనిదినాలు పోయినట్టే. 2025-26లో రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఆ తక్కువ రేటు కట్టినా వారానికి 1,842, నెలకు దాదాపు 8 వేలు. ఆటో చార్జీలు, మందులు, డయాలిసిస్ లేని రోజుల్లో కూడా పనికి ఒళ్ళు సహకరించకపోవడం అన్నీ మిగిలిన 2 వేలలో సర్దుకోవాలి. డయాలిసిస్ ఉచితమే, జబ్బు ఉచితం కాదు.

అంతకంటే పెద్ద సమస్య ముందు దశలది. డయాలిసిస్ మొదలుకాని రోగికి పింఛను రావాలంటే, మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్షలో సీరం క్రియాటినిన్ 5 దాటాలి. ఈ వ్యాధి చప్పుడు చేయకుండా ముదిరే రకం. క్రియాటినిన్ రెండో, మూడో ఉన్న మనిషి తోటకు వెళ్తూనే ఉంటాడు. గంట చేసే చోట అరగంట చేస్తాడు. పరీక్షలకు తిరుగుతాడు, దాదాపు రెండొందల కిలోమీటర్ల దూరంలోని విశాఖకు ఒకటికి రెండుసార్లు వెళ్తాడు, నాటుమందులూ వాడతాడు. పశువు, తరవాత పుస్తెలు, ఆ తరవాత అరెకరం కదులుతాయి. అయిదు దాటేసరికి కుటుంబం అమ్మవలసినవన్నీ అమ్మేసి ఉంటుంది. ఆ ఏళ్ళలో అతణ్ని ఏ సర్వే పలకరించినా ఫరవాలేదనే అంటాడు. అతనికి తన జబ్బు తీవ్రతే తెలియదు. జబ్బుందని ఊరికి తెలిస్తే కూతురి సంబంధం చెడుతుందన్న భయం వేరు. నా దృష్టిలో ఈ ప్రాంతంలో అన్నిటికంటే పెద్ద ఆర్థిక కష్టం ఇదే, ప్రభుత్వ పుస్తకాల్లో అన్నిటికంటే ఆలస్యంగా ఎక్కేదీ ఇదే.

ఇలాంటి వ్యాధి ఉద్దానానికే పరిమితం కాదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు, ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు నరికే కూలీలకు ఇదే బాధ. శ్రీలంక ఎక్కువగా నీటి శుద్ధి కేంద్రాల మీద, రోగుల నెలవారీ భృతి మీద ఆధారపడింది, మనలాగే. మధ్య అమెరికాలో కొన్ని చెరకు మిల్లులు పనివేళల్లో నీళ్ళు, నీడ, విశ్రాంతి తప్పనిసరి చేసి, కూలీల రక్తపరీక్షలు సీజనంతా జరిపే దారి పట్టాయి. అక్కడ కారణాల్లో ఎండ, శ్రమ ముఖ్యమన్న వాదన బలంగా ఉంది. ఉద్దానంలో అదే కారణమని చెప్పలేం. కానీ జబ్బు ముదిరాక పింఛను ఇవ్వడం కంటే పని చేయగలిగే దశలోనే మనిషిని పట్టుకోవడం అన్న సూత్రం ఇక్కడికీ వర్తిస్తుంది.

లెక్కల్లో మాయమయ్యే ఏళ్ళు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కొబ్బరిచెట్టుకు 1,500 రూపాయల పరిహారం, తరవాతి ప్రభుత్వం వచ్చాక 3,000 ఇచ్చారు. మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. పరిహారం ఒక్కసారి, నష్టం ఏటా. ఇంకో సంగతి. 2013 అక్టోబరులో పైలిన్ తుపాను తరవాత నాటిన మొక్కలు కాపుకు దగ్గరపడుతున్న వేళకు తిత్లీ వచ్చింది. రెండు తుపానుల దెబ్బకు కొన్ని తోటల వాళ్ళు పదేళ్ళ ఆదాయం పోగొట్టుకున్నారు. తుపాను మీద రాస్తారోకోలు నాలుగు వారాలు జరిగాయేమో. తరవాతి ఏళ్ళలో ఎవరూ రోడ్డెక్కలేదు, చాలామంది రైలెక్కారు.

ఆ వలసల వల్లా, వైద్య ఖర్చుల వల్లా సగటు లెక్కలు మనల్ని బోల్తా కొట్టిస్తాయి. 2022-23 వినియోగ వ్యయ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో తలసరి నెలసరి ఖర్చు 4,870 రూపాయలు, దేశ సగటు 3,773. చూడటానికి మనం మెరుగే. కానీ ఆ ఖర్చులో ఆసుపత్రి బిల్లు కూడా కలుస్తుంది. పొలం అమ్మి విశాఖలో వైద్యం చేయించుకున్న ఉద్దానం కుటుంబం ఆ ఏడాది లెక్కల్లో ఖర్చు పెట్టగల స్తోమత ఉన్న కుటుంబంగా కనిపిస్తుంది. గుజరాత్‌లోని వెరావల్ నుంచి డబ్బు పంపే జాలరి ఇంటి సంగతీ అంతే. ఆ డబ్బు వెనుక ఎంత ప్రమాదముందో 2018 చివర్లో శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు పాకిస్థాన్‌కు చిక్కి 2020 జనవరి దాకా బందీలుగా ఉన్నప్పుడు తెలిసింది. ఆ ఏడాదే కరోనా మూసివేతలో వేల మంది వెరావల్ పడవల్లోనే ఇరుక్కుపోయినప్పుడు మళ్ళీ తెలిసింది. వేట నిషేధ కాలపు భృతిని 2025లో 10 వేల నుంచి 20 వేలకు పెంచడం మంచిదే. అయితే అది ఇక్కడ నమోదైన పడవ మీద పనిచేసేవారికి. బతుకుదెరువు లేక పరాయి రాష్ట్రపు పడవ ఎక్కినవాడికి ఆ గుర్తింపు దక్కదు.

అప్పుల లెక్కను కూడా జాగ్రత్తగా చదవాలి. 2019 జాతీయ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి, సగటు అప్పు 2,45,554 రూపాయలు. రెండింటా దేశంలో మొదటి స్థానం. ప్రతిపక్షంలో ఎవరున్నా ఈ అంకె వాడుకుంటారు. కానీ నాగాలాండ్‌లో 6.6 శాతమే అప్పుల్లో ఉన్నారంటే అక్కడ రైతులు సుఖంగా ఉన్నారని కాదు, బ్యాంకు దూరంగా ఉందని. డ్వాక్రా సంఘం, సహకార బ్యాంకు, బంగారం తాకట్టు అందుబాటులో ఉన్నచోట అప్పు పెరుగుతుంది. కష్టానికి గుర్తు అప్పు ఉండటం కాదు, అది ఎందుకు చేశారన్నది, తీర్చలేక ఏం వదులుకున్నారన్నది. 2025లో పది గ్రాముల బంగారం లక్ష రూపాయలు దాటాక అదే గొలుసు మీద ఎక్కువ అప్పు పుడుతోంది. అది కొంతకాలం ఫిర్యాదును అణచిపెడుతుంది. ధర వెనక్కి తిరిగిన రోజున ఆ అప్పులన్నీ ఒకేసారి బయటపడతాయి.

ఇంత చెప్పాక ఫిర్యాదును కొట్టిపారేయాలా? అది మరీ ప్రమాదం. ఈ గడ్డ చరిత్రే అందుకు సాక్ష్యం. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ పలాసలో జరిగింది. కొద్ది రోజులకే మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు వీర గున్నమ్మ బలైంది. అడవిలో కట్టెల కోసం రైతులు చేసిన ఫిర్యాదు అప్పటి రెవెన్యూ లెక్కల్లో ఎక్కడా లేదు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో థర్మల్ కేంద్రాలను వ్యతిరేకించిన జనం మీద కాల్పులు జరిగాయి. వారిని అభివృద్ధి నిరోధకులన్నారు. బీల (చిత్తడి) భూముల చేపలు, గడ్డి, నీరు ఎంత ఆదాయమిస్తాయో ఏ గణాంక శాఖా లెక్కగట్టలేదు. జనం నోటిమాట గణాంకాల కంటే ముందుంది. సోంపేట కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది కూడా కాల్పులు జరిగిన రోజునే.

ఎన్నికల ఫలితాలు చూసి కష్టాన్ని అంచనా కట్టడమూ కుదరదు. 2004లో ‘భారత్ వెలిగిపోతోంది’ అన్న ప్రచారం మధ్య రాష్ట్రంలో తెలుగుదేశం 47 సీట్లకు పడిపోయింది, పల్లెల్లో వ్యవసాయ సంక్షోభం అప్పటికే ముదిరి ఉంది. 2024లో అయిదేళ్ళ పాటు ఖాతాల్లో నేరుగా డబ్బు వేసిన ప్రభుత్వం 11 సీట్లతో సరిపెట్టుకుంది. మొదటిసారి కష్టం ఓటయింది. రెండోసారి ఉద్యోగం, గౌరవం, రోడ్లు, రాజధాని లాంటి వేరే అసంతృప్తులెన్నో కలిశాయి. ఏది ఎంత అన్నది ఓట్ల పెట్టె చెప్పదు.

మరి కష్టాన్ని విడిగా కొలవడం ఎలా? అభిప్రాయం అడగకూడదు, జరిగిన సంగతి అడగాలి. 2020 ఏప్రిల్ నుంచి అమెరికా జనగణన సంస్థ ఇళ్ళను తరచూ పలకరించి, గత వారం ఇంట్లో తిండి సరిపోయిందా, అద్దె బాకీ పడ్డారా అని అడిగింది. 2021 జూలైలో పిల్లలున్న కుటుంబాలకు నెలనెలా భత్యం మొదలవగానే తిండి చాలని కుటుంబాలు తగ్గినట్టు ఆ సర్వేలో కనిపించింది. డిసెంబరుతో భత్యం ఆగింది. పిల్లల పేదరికం 2021లో 5.2 శాతం ఉన్నది 2022లో 12.4కు చేరింది. దేశమంతా ధరల గురించి గొంతు చించుకుంటున్న ఆ ఏడాదిలోనే అసలు దెబ్బ తగిలింది ఆ పిల్లలకు. వారి మాట మనోభావ సూచీలో విడిగా వినపడలేదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కూడా ఎనిమిది సూటి ప్రశ్నలతో పలు దేశాల్లో ఆకలిని కొలుస్తోంది.

ఉద్దానానికి ప్రశ్నలు ఇక్కడివే ఉండాలి. గత మూడు నెలల్లో డబ్బు లేక ఎవరైనా పూట మానారా? డాక్టరు రాసిన మందు కొనకుండా ఆపారా? తాకట్టు పెట్టిన నగ వేలానికి పోయిందా? బడి నుంచి పిల్లను మాన్పించారా? ముందు అనుకోకుండా ఇంట్లోంచి ఎవరైనా వలస వెళ్ళారా? పరిశ్రమ ఆగి ఎన్ని రోజుల కూలి పోయింది? దీనికి రెండు అభ్యంతరాలు ఎదురవుతాయి. సాయం దొరుకుతుందంటే అందరూ అవుననే అంటారన్నది మొదటిది, నిజమే. అందుకే ఒక్కో కుటుంబం జవాబును పథకానికి ముడిపెట్టకూడదు. నమూనా ఇళ్ళను ఎంచుకుని, మండలం మొత్తం స్థితి తెలుసుకోవడానికే వాడాలి. ఒకటో తేదీన పింఛను తెచ్చే సచివాలయ ఉద్యోగి ముందు జనం నిజం చెప్పరన్నది రెండోది. పింఛను ఇచ్చే చేతికి లేదని ఎవరు చెబుతారు? కాబట్టి ఆ పని ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం లాంటి బయటి సంస్థకు ఇవ్వాలి.

ఆ లెక్క చేతికొచ్చాక డబ్బు దారి మార్చడానికి ధైర్యం కావాలి. కిడ్నీ పింఛనుకు క్రియాటినిన్ 5 అన్న ఒక్క గీత బదులు మధ్య దశల్లోనే ప్రయాణ ఖర్చు, పరీక్షలు, తోడు వెళ్ళే మనిషి కూలి ఇవ్వాలి. జీడి పరిశ్రమలకు ఇచ్చే ఏ రాయితీ అయినా మూసివేత రోజుల కూలికి, ఈఎస్‌ఐ, పీఎఫ్ నమోదుకు ముడిపడి ఉండాలి. తోట పరిహారం ఒక్కసారి కాకుండా మొక్క కాపుకు వచ్చేదాకా ఏటా కొంతగా అందాలి. మూలపేట పోర్టు పూర్తయితే టెక్కలి ప్రాంతపు సగటు ఆదాయం కాగితం మీద ఒక్కసారిగా పెరుగుతుంది. మూలపేట, విష్ణుచక్రం నిర్వాసితుల బతుకు ఆ సగటులో కలిసిపోకుండా వేరుగా చూడాలి. ఇవన్నీ ఒక్క బడ్జెట్టులో అయ్యేవి కావు. కొలత మాత్రం ఈ ఏడాదే మొదలుకావచ్చు, ఏడు మండలాల సర్వేకు జిల్లా యంత్రాంగం దగ్గరున్న నిధులే చాలు. తుపాను వచ్చాక కట్టిన లెక్కలో ఎవరు ముందునుంచీ మునిగి ఉన్నారో తేలదు కాబట్టి అక్టోబరులోపే అది పూర్తికావాలి. పైలిన్ వచ్చింది అక్టోబరులో, తిత్లీ వచ్చిందీ అక్టోబరులోనే.